కేసు వద్దన్న మనిషికి ఏం కావాలి?

(గృహహింస, పోలీసులు, పరిశోధన అన్న అంశంపై ఇచ్చిన ప్రసంగ పాఠం. చివర సభలో అడిగిన ప్రశ్నలు, వాటికి చెప్పిన జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

గృహహింస కేసులు చూసే పోలీసులతో కాసేపు మాట్లాడితే, ఏ దేశంలోనైనా సరే, ఒక విసుగు వినిపిస్తుంది. "ఫోన్ రాగానే పరిగెత్తుతాం, వాణ్ణి పట్టుకొస్తాం, రాత్రంతా కూర్చుని కాగితాలు రాస్తాం. తెల్లారేసరికి ఆవిడ వచ్చి కేసు వద్దంటుంది." ఇందులో అబద్ధమేమీ లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో పోలీసులు నమోదు చేసే గృహహింస నేరాల్లో ఇటీవలి ఏళ్లలో సుమారు సగం ఇలాగే మూతపడుతున్నాయి. నిందితుడెవరో తెలుసు, బాధితురాలు మాత్రం ముందుకు రావడం లేదు. అక్కడి హోం శాఖ 2014లో తెచ్చిన లెక్కల పద్ధతిలో ఈ ముగింపుకు ఒక నంబరు కూడా ఉంది, 16. ఫైలు మీద ఆ నంబరు పడితే పని అయిపోయినట్టే.

ఆ నంబరు వెనక ఏముందో తవ్విన పరిశోధన గురించే ఇవాళ మాట్లాడతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు పోట్లాడుకోవచ్చు. ఆమె వెనక్కి తగ్గడాన్ని మనం ఆమె పిరికితనం, మొగుడి మీద మమకారం, నిలకడలేనితనం అని చెప్పుకుంటూ వచ్చాం. కాగితాల మీద తేలిందేమిటంటే, అందులో పెద్ద భాగం ఫోన్ చేసిన తర్వాత పోలీసులు ఆమెతో ఎలా నడుచుకున్నారన్న దానిమీద ఆధారపడి ఉంది. మిగతాది ఆమె వేసుకున్న లెక్క. ఆ లెక్క చాలాసార్లు మన లెక్కకంటే సరిగ్గా ఉంటుంది.

కథ మినియాపొలిస్‌లో మొదలవుతుంది. అప్పటిదాకా అమెరికాలోనూ పద్ధతి మనకు తెలిసినదే. మొగుడూ పెళ్లాల గొడవలో మనమెందుకు దూరడం అని ఇద్దరికీ చెరో మాట చెప్పి వచ్చేసేవాళ్లు. 1981-82లో లారెన్స్ షెర్మన్, రిచర్డ్ బర్క్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ నగర పోలీసులతో ఒక ప్రయోగం చేశారు. చిన్నపాటి దాడి జరిగి, పోలీసులు వచ్చేసరికి ఇద్దరూ అక్కడే ఉన్న 314 కేసులు తీసుకున్నారు. ఏం చేయాలో పోలీసు సొంతంగా నిర్ణయించుకోకూడదు. చేతిలో ఉన్న రిపోర్టు కాగితాల కట్టలో పైన ఏ రంగు కాగితం ఉంటే ఆ పని చేయాలి. ఒక రంగుకు అరెస్టు, ఒక రంగుకు సర్దిచెప్పడం, మూడో రంగుకు అతన్ని ఎనిమిది గంటలపాటు ఇంట్లోంచి పంపేయడం. తర్వాత ఆరు నెలలు గమనించారు. పోలీసు రికార్డుల ప్రకారం, అరెస్టయినవాళ్లలో 10 శాతం మంది మళ్లీ హింసకు దిగారు. సర్దిచెప్పిన చోట అది 19 శాతం, బయటికి పంపిన చోట 24 శాతం.

1984లో ఇది అచ్చయింది. అదే ఏడాది కనెక్టికట్ రాష్ట్రంలో టోరింగ్టన్ నగరం మీద ఒక ఫెడరల్ కోర్టు తీర్పు వచ్చింది. ఒక స్త్రీ తన భర్త నుంచి ప్రమాదముందని ఎన్నిసార్లు చెప్పినా పోలీసులు కదలకపోతే, ఆమెకు రాజ్యాంగం ఇచ్చే సమాన రక్షణను కాదన్నట్టేనని ఆ కోర్టు అంది. ఒకవైపు గణాంకాలు, ఒకవైపు నష్టపరిహారం భయం. ఇంకేముంది, రాష్ట్రం తర్వాత రాష్ట్రం అరెస్టును తప్పనిసరి చేసుకుంటూ పోయింది. కొన్నిచోట్ల అది ఎంతదాకా వెళ్లిందంటే, ఆమె అతని మొహం మీద రక్కిన గీత కనిపిస్తే ఇద్దర్నీ అరెస్టు చేసేవాళ్లు. ఒకసారి అలా జరిగిన ఆవిడ మళ్లీ పోలీసులకు ఫోన్ చేస్తుందా?

ఆ ప్రయోగంలో అందరూ ఎత్తిచూపే అంకె ఆ 10 శాతం. నాకు ముఖ్యమనిపించేవి వేరే రెండున్నాయి. మొదటిది, ఆడవాళ్లను రెండు వారాలకోసారి ఇంటర్వ్యూ చేయాలనుకున్నారు. మొదటి ఇంటర్వ్యూకి దొరికినవాళ్లు 62 శాతం. పన్నెండు ఇంటర్వ్యూలూ పూర్తి చేసినవాళ్లు సగానికి కాస్త తక్కువ. అంటే ఎవరి భద్రత కోసం ఇదంతా చేశారో, వాళ్లలో సగంమంది మాట మనకు చివరిదాకా వినపడలేదు. దొరకనివాళ్లు ఎక్కువ భయంలో ఉన్నవాళ్లా, ఇల్లు మారినవాళ్లా, విసుగెత్తినవాళ్లా అన్నది పెద్ద తేడా. ఈ ఇబ్బంది తర్వాత వచ్చిన ప్రతి అధ్యయనాన్నీ వెంటాడింది. ఎందుకు వెనక్కి తగ్గారు అని అడగాలంటే వెనక్కి తగ్గినవాళ్లు దొరకాలి కదా. వాళ్లేమో ఎవరికీ దొరకకూడదనుకునేవాళ్లు.

రెండోది, వచ్చిన పోలీసు తన మాట పూర్తిగా విన్నాడని ఆమె చెప్పిన చోట, అరెస్టు ఇంకా గట్టిగా పనిచేసినట్టు కనిపించింది. పరిశోధకులు దీనికి చెప్పిన కారణం ఏమిటంటే, ఆమె మాటను పోలీసు వింటున్నాడని అతనికి అర్థమైతే, ఆమె వెనక ఒక బలం ఉందని కూడా అర్థమవుతుంది. ఆమెను పట్టించుకోకుండా సంకెళ్లు వేసుకుపోతే, ఏదో తన కర్మకాలి పట్టుకుపోయారనుకుంటాడు. ఇంత ముఖ్యమైన విషయం ఆ నివేదికలో ఒక మూల ఉండిపోయింది. సంకెళ్లను చట్టంలో రాయడం తేలిక, వినడాన్ని రాయడం కష్టం.

తర్వాత ఇదే ప్రయోగాన్ని ఒమాహా, షార్లట్, మిల్వాకీ, కొలరాడో స్ప్రింగ్స్, మయామీ ప్రాంతాల్లో మళ్లీ చేశారు. ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగలేదు. కొన్నిచోట్ల అరెస్టు పనిచేసింది, కొన్నిచోట్ల తేడా లేదు. మిల్వాకీలో ఉద్యోగమున్నవాళ్లు అరెస్టుకు భయపడ్డారు. పని లేనివాళ్లు ఇంకా రెచ్చిపోయారు. పోగొట్టుకోవడానికి పరువు, ఉద్యోగం ఉన్నవాడు వేరు, లేనివాడు వేరు.

మిల్వాకీ దగ్గర ఇంకాసేపు ఆగాలి. 1987-88లో జరిగిన ఆ ప్రయోగంలోని ఆడవాళ్లు ఏమయ్యారని 23 ఏళ్ల తర్వాత షెర్మన్, హెదర్ హ్యారిస్ వెతికారు. భర్తనో భాగస్వామినో అరెస్టు చేసిన చోట వెయ్యిమందికి 93 మంది చనిపోయారు. హెచ్చరించి వదిలేసిన చోట వెయ్యికి 57 మంది. నల్లజాతి స్త్రీలలో ఈ తేడా ఇంకా ఎక్కువ. వీళ్లు హత్యకు గురైనవాళ్లని అనుకుంటాం. అలా కాదు, హత్యలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. ఎక్కువమంది పోయింది గుండెజబ్బులాంటి మామూలు రోగాలతో. అరెస్టుకూ ఈ చావులకూ మధ్య దారి ఏమిటో ఆ అధ్యయనం తేల్చలేదు. తర్వాతి రోజుల టెన్షన్, దిగులు ఒంటికి ఏం చేశాయన్న వైపు పరిశోధకులు వేలు చూపించారు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇది ఒక్క నగరం, ఒక్క కాలం. అక్కడ అరెస్టయినవాళ్లు గంటల్లోనే బయటికొచ్చారు. కాబట్టి "అరెస్టు చంపుతుంది" అని రాసిన పత్రికలు తొందరపడ్డాయని నా అభిప్రాయం. ఒకటి మాత్రం నిలుస్తుంది. మళ్లీ ఫిర్యాదు రాలేదు కాబట్టి ఆమె బాగుందని అనుకునే హక్కు మనకు లేదు.

ఇదే మిల్వాకీ సమాచారంతో 1997లో రేమండ్ పేటర్‌నాస్టర్ బృందం ఇంకో ప్రశ్న వేసింది. అరెస్టు చేసేటప్పుడు అతని మాట కూడా విని, మర్యాదగా, పద్ధతిగా నడుచుకుంటే ఏమవుతుంది? అలా చేసిన చోట మళ్లీ హింస తగ్గింది. కొట్టినవాడికి మర్యాదేమిటని కోపం రావచ్చు, నాకూ వచ్చింది. కానీ స్టేషన్లో పడిన అవమానాన్ని ఇంటికెళ్లి ఎవరి మీద తీర్చుకుంటాడో మనకు తెలుసు. ఆ మర్యాద చివరికి ఆమె ఒంటిమీద దెబ్బల లెక్కలో కనిపిస్తుంది.

ఇక నేను ఇవాళ చెప్పదలుచుకున్న దానికి అసలు గుండెకాయలాంటి పని అమెరికాలోనే ఇండియానాపొలిస్‌లో జరిగింది. డేవిడ్ ఫోర్డ్ అనే సమాజశాస్త్రవేత్త ఫిర్యాదు ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్న ఆడవాళ్లను గమనించాడు. ప్రాసిక్యూటర్లు వాళ్లను నిలకడ లేనివాళ్లని తిట్టుకుంటున్నారు. ఫోర్డ్ 1991లో రాసింది వేరు. ఆ ఆడవాళ్లలో చాలామందికి కేసు ఒక బేరపు ఆయుధం. "తాగుడు మానెయ్, ఇల్లు ఖాళీ చెయ్, పిల్లల ఖర్చు ఇవ్వు, లేదంటే కేసు నడుస్తుంది." కోరింది దక్కాక కేసుతో పనిలేదు. మనకు ఓటమిలా కనిపించింది వాళ్లకు గెలుపు.

దీని మీద మేరీ రెగోలీతో కలిసి ఆయన ఒక ప్రయోగం కూడా చేశాడు. కొందరికి కేసు వెనక్కి తీసుకునే స్వేచ్ఛ ఇచ్చారు, కొందరికి ఇవ్వలేదు. అందరికంటే తక్కువ దెబ్బలు తిన్నది ఎవరో చూడండి. వెనక్కి తీసుకునే స్వేచ్ఛ ఉండి కూడా, తీసుకోకుండా కేసు నడిపించినవాళ్లు. స్వేచ్ఛను వాడుకుని కేసు వదిలేసినవాళ్లకు ఆ రక్షణ రాలేదు. అందుకని ఈ ఫలితాన్ని, నిర్ణయం ఆమెకే వదలాలనేవాళ్లూ, వదలకూడదనేవాళ్లూ తమకు అనుకూలంగా వాడుకున్నారు. నేను చదివేది ఇలా: పగ్గం ఆమె చేతిలో ఉందని అతనికి తెలియాలి, దాన్ని పట్టుకుని నిలబడటానికి ఆమెకు తోడు ఉండాలి. రెండోది లేకుండా మొదటిది ఇస్తే, అతని ఒత్తిడంతా నేరుగా ఆమె మీదే పడుతుంది.

బ్రిటన్‌లో కరొలిన్ హోయిల్ అనే పరిశోధకురాలు 1990లలో పోలీసుల వెంట తిరిగి, బాధితుల్ని కలిసి చూసినదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. ఆ రాత్రి పోలీసులను పిలిచినవాళ్లకు కావలసింది ఆ రాత్రి దెబ్బలు ఆగడం, అతను కాసేపు కళ్లముందు లేకపోవడం. కోర్టు అనే ఊహ కూడా చాలామందికి లేదు. పోలీసు మాత్రం మొదటి పది నిమిషాల్లోనే అడుగుతాడు, "కేసు పెడతావా? కోర్టుకొచ్చి చెప్తావా?" పక్క గదిలో అతను వింటున్నాడు, పిల్లలు ఏడుస్తున్నారు. ఆమె లేదంటుంది. ఆ ఒక్క మాట ఫైల్లోకి ఎక్కి శాశ్వతమైపోతుంది. 2000లో హోయిల్, ఆండ్రూ శాండర్స్ కలిసి వాదించింది ఇదే. అలాంటి క్షణంలో చెప్పినదాన్ని ఎంపిక అనలేం. ముందు భద్రత, సమాచారం, డబ్బు, తలదాచుకునే చోటు దొరకాలి. తర్వాత అడగాలి.

అప్పటి నుంచి బ్రిటన్‌లో యంత్రాంగం చాలా పెరిగింది. 2014 మార్చిలో పోలీసు తనిఖీ సంస్థ ఒక ఘాటైన నివేదిక ఇచ్చింది. మొత్తం మీద గృహహింస బాధితులకు అందుతున్న స్పందన సరిపోవడం లేదని తేల్చింది. ప్రమాదం ఎంతుందో అంచనా వేయడానికి పోలీసులు బాధితురాలిని అడిగే డ్యాష్ అనే ప్రశ్నావళి 2009 నుంచే ఉంది. ఇరవై ఏడు ప్రశ్నలు, గొంతు నులిమాడా, గర్భవతివా, చంపుతానన్నాడా, ఇలాంటివి. కాగితం మీద మంచి ఆలోచన. కానీ మాంచెస్టర్ పరిశోధకులు ఎమిలీ టర్నర్, హువాన్హో మెదీనా, గావిన్ బ్రౌన్ 2019లో లెక్కలు తీస్తే, ఎవరు మళ్లీ తీవ్రంగా దెబ్బతింటారో చెప్పడంలో ఆ జవాబులు బొమ్మాబొరుసు కంటే కొంచెమే మెరుగని తేలింది. పోలీసు కాలేజీ చేయించిన ఇంకో అధ్యయనంలో, అధికారులు కొన్ని ప్రశ్నలు వదిలేస్తున్నారని, ఒంటిమీద గాయం వైపే చూస్తున్నారని కనిపించింది. ప్రశ్నావళి నింపడానికి అడిగే ప్రశ్నకూ, తెలుసుకోవాలని అడిగే ప్రశ్నకూ తేడా ఎదుటి మనిషికి ఇట్టే తెలిసిపోతుంది.

గాయం మీద చూపు అన్నాను కాబట్టి ఇంకో మాట. ఇవాన్ స్టార్క్ అనే సమాజశాస్త్రవేత్త 2007లో గట్టిగా చెప్పిన విషయం ఉంది. చాలామంది జీవితాన్ని నలిపేసేది ఒక రాత్రి దెబ్బ కాదు, రోజూ ఉండే కట్టడి: ఎవరితో మాట్లాడావు, ఎంత ఖర్చుపెట్టావు, ఫోన్ చూపించు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2015 డిసెంబరు 29 నుంచి ఇది నేరం, అయిదేళ్ల దాకా శిక్ష. చట్టం మారింది, పోలీసు నోట్‌బుక్ అంత త్వరగా మారలేదు. అది ఇప్పటికీ ఒక తేదీ, ఒక సంఘటన, ఒక గాయం అడుగుతుంది. పదేళ్ల కథ చెప్పుకుందామని నోరు తెరిచిన మనిషిని "సరే, మంగళవారం ఏం జరిగిందో చెప్పండి" అని ఆపేస్తే, తనకేం జరుగుతోందో వీళ్లకు అర్థం కాలేదని ఆమెకు అక్కడే తెలిసిపోతుంది. లివర్‌పూల్ ప్రాంతపు పోలీసు ఫైళ్లు చదివిన చార్లట్ బార్లో, శాండ్రా వాక్లేట్ బృందం 2020లో ఇలాంటి జారిపోయిన అవకాశాల గురించే రాసింది.

ఇంకో రెండు ఉదాహరణలు త్వరగా చెప్పి ముందుకెళ్తాను. 2017లో అక్కడ బెయిలు నియమాలు మారాయి. దాంతో చాలామంది నిందితుల్ని ఏ షరతూ లేకుండా "దర్యాప్తు కొనసాగుతోంది" అని చెప్పి పంపేశారు. ఆమె వీధిలోకి వెళ్లొద్దనే షరతు కూడా లేదు. దీని మీద 2019లో సెంటర్ ఫర్ విమెన్స్ జస్టిస్ అనే స్వచ్ఛంద సంస్థ అధికారికంగా ఫిర్యాదు చేసింది. 2022 చట్టంతో వెనక్కి మార్చారు. అదే చట్టం ఇంకో మంచిపని చేసింది. చిన్న దాడికి ఆరు నెలల్లోపు అభియోగం మోపకపోతే కేసు చచ్చిపోయేది. ఇప్పుడు ఆ ఆరు నెలలు గృహహింసలో ఫిర్యాదు ఇచ్చిన రోజు నుంచి లెక్క, ఘటన జరిగిన రెండేళ్ల లోపు. భయపడి ఏడో నెలలో వచ్చినవాళ్లకు ఇది ఎంత తేడానో చెప్పనక్కర్లేదు.

రెండోది వలస వచ్చినవాళ్ల సంగతి. వీసా భర్త చేతిలో ఉంటుంది. "పోలీసుల దగ్గరికెళ్లు, నిన్నే దేశంలోంచి పంపేస్తారు" అంటాడు. పోలీసులు నిజంగానే ఆమె వివరాలు వలస విభాగానికి ఇస్తున్నారని లిబర్టీ, సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ అనే హక్కుల సంస్థలు 2018లో ఫిర్యాదు చేశాయి. 2020 డిసెంబరులో వచ్చిన నివేదిక ఈ పద్ధతి బాధితులకు హాని చేస్తోందని ఒప్పుకుంది. పోలీసుల నుంచి వలస విభాగానికి సమాచారం దాటకుండా పూర్తి గోడ కట్టడానికి మాత్రం 2021లో హోం శాఖ ఒప్పుకోలేదు. ఇక్కడ బెదిరించేవాడి మాటను ప్రభుత్వమే నిజం చేస్తోంది. ఇక ఆమె సహకరించలేదని ఎవర్ని అనాలి?

ఇప్పుడు అవతలివైపు వాదన. "అసలు ఆమెను ఎందుకు అడుగుతారు? హత్య కేసులో చచ్చినవాణ్ణి అడుగుతామా? కెమెరా ఫుటేజీ, ఫోన్ రికార్డింగు, డాక్టరు రిపోర్టు పెట్టి రాజ్యమే కేసు నడపాలి." శాన్ డియెగో 1980ల చివర్లోనే ఈ దారి పట్టింది. ఇందులో న్యాయముంది. ఆమె ఒప్పుకోవాలన్న షరతు పెడితే, ఆమెను భయపెట్టడమే అతనికి పని అవుతుంది. పోలీసుల ఒంటిమీది కెమెరాలు వచ్చాక ఇది మరింత వీలైంది కూడా. అయితే అమెరికాలో సుప్రీంకోర్టు 2004లో, 2006లో ఇచ్చిన తీర్పులు హద్దు గీశాయి. ప్రమాదంలో ఉండి సాయం కోసం ఫోన్‌లో అరిచిన మాటలు సాక్ష్యానికి పనికొస్తాయి. ప్రమాదం గడిచాక పోలీసుకు చెప్పినవి, ఆమె కోర్టుకు రాకపోతే, పనికిరావు.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఆమె లేకుండా కేసు నడపడానికీ, ఆమెకు చెప్పకుండా కేసు నడపడానికీ దూరం చాలా తక్కువ. విచారణ ఎప్పుడో, అతను ఎప్పుడు బయటికొస్తాడో తెలియకపోతే ఆమె ప్రాణానికే ప్రమాదం. అందుకే ఈ మొత్తం పరిశోధనలో నాకు అన్నింటికంటే ఆశ కలిగించేది పోలీసు డిపార్టుమెంటుకు బయటి మనిషి. బ్రిటన్‌లో బాధితుల పక్షాన నిలబడే స్వతంత్ర సలహాదారులున్నారు. కేసు పెట్టమనీ చెప్పరు, వద్దనీ చెప్పరు. తాళాలు మార్పించడం, ఇల్లు చూడటం, కోర్టు తేదీ కనుక్కోవడం, ఫోన్ ఎత్తడం వాళ్ల పని. 2003లో కార్డిఫ్‌లో మొదలైన పద్ధతిలో పోలీసు, ఆసుపత్రి, హౌసింగ్, ఈ సలహాదారులు ఒక బల్ల చుట్టూ కూర్చుని అత్యంత ప్రమాదంలో ఉన్నవాళ్ల గురించి మాట్లాడుకుంటారు. బాధితురాలు ఆ గదిలో ఉండదు, ఆమె తరఫున సలహాదారు ఉంటారు. ఆ ఒక్క కుర్చీ ఖాళీగా ఉన్న సమావేశం సమాచారం పంచుకునే మీటింగే అవుతుంది. డబ్బు కోత పడినప్పుడు మొదట పోయేదీ అదే కుర్చీ.

ఇక మీ ప్రశ్నలు.

(ప్రశ్న: మీరు మొదటినుంచీ "ఆమె" అంటున్నారు. మగవాళ్ల సంగతేమిటి?)

మంచి ప్రశ్న. ఇంగ్లండ్, వేల్స్‌ల నేర సర్వే ప్రకారం 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో గృహహింస ఎదుర్కొన్న ఆడవాళ్లు సుమారు 16 లక్షలు, మగవాళ్లు సుమారు 7 లక్షలు. చిన్న సంఖ్య కాదు. ఇందులో భాగస్వామి ఒక్కరే కాదు, కుటుంబంలో ఎవరు చేసినా లెక్కే. తీవ్రంగా, పదేపదే, భయంలో బతికేలా జరిగేది చూస్తే ఆడవాళ్ల వాటా బాగా పెరుగుతుంది. నేను చెప్పిన పరిశోధన దాదాపు అంతా ఆడవాళ్ల మీద జరిగింది కాబట్టి "ఆమె" అన్నాను. దాన్ని మగవాళ్లకు అలాగే అతికించను. ఫోన్ చేస్తే నవ్వుతారేమో, తిరిగి తననే అరెస్టు చేస్తారేమో అన్న భయం అక్కడ ముందుంటుంది. దాన్ని విడిగా చదవాలి.

(ప్రశ్న: కొట్టేవాడే పోలీసైతే?)

నేను సమయం చూసుకుని వదిలేసిన భాగం ఇది. 2020 మార్చిలో సెంటర్ ఫర్ విమెన్స్ జస్టిస్ దీని మీదే ఇంకో ఫిర్యాదు చేసింది. తోటి ఉద్యోగులే దర్యాప్తు చేయడం, ఆమె స్టేట్‌మెంట్‌లో ఏముందో అతనికి తెలిసిపోవడం, "నేను చెప్తే ఎవరూ నిన్ను నమ్మరు" అని అతను అనగలగడం ఇందులో ఉన్నాయి. ఆ ఆడవాళ్లలో కొందరు కూడా పోలీసు ఉద్యోగులే. అంటే ఫిర్యాదు తీసుకునేవాళ్లు, నిందితుడు, తన ప్రమోషన్ చూసేవాళ్లు అంతా ఒకే డిపార్టుమెంటు. 2022 జూన్‌లో అధికారిక నివేదిక వచ్చి, పద్ధతిలోనే లోపాలున్నాయని ఒప్పుకుంది. ఇలాంటి కేసుల్ని వేరే ప్రాంతపు పోలీసులకు అప్పగించాలని ఫిర్యాదు చేసిన ఆ సంస్థ అడుగుతూనే ఉంది. నన్నడిగితే అది చాలా చిన్న కోరిక. అది కూడా లేనిచోట, ఆ పోలీసు భార్య కేసు వద్దంటే ఫైలు మీద 16 వేసే ముందు, ఆ పెన్ను ఎవరి చేతిలో ఉందో కూడా ఫైల్లో రాయమని అడుగుతాను.